మూడో చెరువంటే ఏది

నా ప్రోగ్రాం అబద్ధం చెప్పిందని ఎవరో అన్నారనేసరికి నాకు ఒళ్లు మండిపోయింది. అన్నది గణపవరం అవతల చేపల చెరువుల మీద కాపలా ఉండే ఎలీషా అనే పెద్దాయన. ఆ మాట నా దాకా మోసుకొచ్చింది మా ఓనరు సాయిగణేష్.

కొల్లేరులో చెరువు గట్లు కొట్టేసిన మరుసటి ఏడాది అది. ఏలూరు పవర్‌పేటలో ఒక మెడికల్ షాపు మేడ మీద, మూడు కంప్యూటర్లతో మా ఆఫీసు. సాయిగణేష్ ఊళ్లు తిరిగి పనులు పట్టుకొచ్చేవాడు, నేను చేసి పెట్టేదాన్ని. మాటలు ఆయనవి, కోడు నాది. ఆ పంపకం నాకు నచ్చింది. జావా అనే కంప్యూటరు భాష రాయడంలో మా జిల్లాలో ఈ జాయ్సీని మించినవాళ్లు ఉంటారని నేనెప్పుడూ అనుకోలేదు. ఇప్పుడూ పెద్దగా అనుకోను.

తాడేపల్లిగూడెంలో హోల్‌సేల్ కిరాణా వ్యాపారం చేసే కామరాజు గారికి గణపవరం దగ్గర వరసగా ఏడు చెరువులున్నాయి. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ పడిపోతే చేప పైకి తేలి నోరు తెరుస్తుంది. వెంటనే ఏరియేటర్లు, అంటే నీళ్లని చిలికి గాలి కలిపే మోటార్లు, వేయాలి. లేకపోతే అంతే సంగతులు. ప్రతి చెరువులోనూ ఆక్సిజన్ కొలిచే పరికరం పెట్టించి, అది తగ్గగానే ఎలీషా సెల్‌ఫోనుకి మెసేజి పంపే ప్రోగ్రాం నేను రాశాను. ఏ మోటారు ఎప్పుడు తిరిగిందో కూడా లాగ్ అనే చిట్టాలో అదే రాసుకుంటుంది. నెల రోజులు ఒక్క మాట పడకుండా నడిచింది.

ఆ శుక్రవారం తెల్లవారుజామున మూడో చెరువుకి ఆక్సిజన్ తగ్గిందని మెసేజి వెళ్లింది. తెల్లారేసరికి మూడో చెరువులో చేపంతా చచ్చి తేలింది.

“మోటారు వేశాడట. కానీ కంప్యూటరు వేరే చెరువు చెప్పిందట” అన్నాడు సాయిగణేష్ నవ్వుతూ. “మెసేజిలో మూడు అనే ఉంది, చచ్చింది మూడోదే. కామరాజు గారు నమ్ముతారేంటండీ? ఎలీషాని వాళ్లావిడ ముందే అబద్ధాలకోరు అని తిట్టి, రేపటి నుంచి రావద్దన్నారు. మనకేం భయం లేదులెండి. మన లాగ్ ఉందిగా.”

ఆయన ధైర్యం చూసి నాకూ ధైర్యం వచ్చింది. ఆ లాగ్ తీసి చూద్దును కదా, ఐదూ పదికి హెచ్చరిక పంపాను అని ఒక వరస. పక్కన చెరువు వివరం ఉండాల్సిన చోట Pond@19821f. ఐదూ ఇరవై రెండుకి మోటారు తిరిగింది అని ఇంకో వరస. పక్కన Pond@addbf1.

సాయిగణేష్‌కి రెండూ ఒకటే పిచ్చి రాతలా కనబడి ఉంటాయి. నేను మాత్రం రెండిటినీ అక్షరం అక్షరం పోల్చి చూశాను. రెండూ ఒకటి కాదు. అంటే పెద్దాయన మెసేజి వచ్చినా పడి నిద్రపోలేదు. లేచాడు, పన్నెండు నిమిషాల్లో మోటారు వేశాడు. కాకపోతే వేరే చెరువులో వేశాడు. ఏ చెరువులో అన్నది ఆ రాతల్లో లేదు.

లేకపోవడం నా పుణ్యమే. జావాలో మనం తయారుచేసిన వస్తువుని, ఇక్కడైతే చెరువుని, ‘నువ్వెవరు’ అని అడిగితే, ఏం చెప్పుకోవాలో మనం నేర్పకపోతే, అది తన జాతి పేరు చెప్పి పక్కన తనకంటూ ఉన్న ఓ అర్థంలేని సంఖ్య తగిలిస్తుంది. మా గుండుగొలనులో బస్సు దిగిన కొత్త మనిషిని ఎవరండీ మీరని అడిగితే ‘మనిషినండీ, పందొమ్మిది వేల చిల్లర నంబరు’ అన్నట్టు ఉంటుంది. అలా అంటే మా ఊళ్లో మంచినీళ్లు కూడా ఇవ్వరు. ఫలానా వారి అల్లుణ్ణి, ఫలానా పెళ్లికొచ్చాను అని చెప్పుకోవాలి. వస్తువుకి ఆ చెప్పుకోవడం నేర్పే చోటుని టూస్ట్రింగ్ అంటారు. పది వరసల పని. లాగ్ చూసేది నేనొక్కదాన్నేగా అని బద్ధకించి వదిలేశాను.

ఆ సాయంత్రమే కూర్చుని రాశాను. మొదట మహా ఉత్సాహంగా చెరువు గురించి ఉన్నవన్నీ పెట్టేశాను. ఒక్కో చెరువు సగం తెర ఆక్రమించి, పరికరం కొన్న తేదీతో సహా వాగింది. అంత వాగుడులో అసలు సంగతి ఎవడు వెతుక్కుంటాడు? కోపమొచ్చి కోసేశాను. కామరాజు గారు మొదట్లో ఇచ్చిన సర్వే కాగితం ముందు పెట్టుకుని, మనిషి గుర్తుపట్టడానికి ఏవి కావాలో అవే ఉంచాను: నంబరు, ఎకరాలు, ఏ చేప, గట్టు మీద గుర్తేమిటి, చివరిసారి ఆక్సిజన్ ఎంత. ఏడు చెరువులకీ ఏడు వరసలు ప్రింటు తీసుకుని, మర్నాడు పొద్దున్నే భీమడోలులో బస్సు దిగి గణపవరం ఆటో ఎక్కాను.

ఎలీషా తన దుప్పటీ టార్చీ తీసుకెళ్లడానికి చెరువుల దగ్గర షెడ్డుకి వచ్చి ఉన్నాడు. సన్నగా, పొడుగ్గా, నెరిసిన గడ్డంతో ఉన్నాడు.

“బాబాయి గారూ, నా కంప్యూటరు అబద్ధం చెప్పిందన్నారట?” అన్నాను.

“అన్నానమ్మా. చెప్పింది కాబట్టే అన్నాను” అన్నాడు తొణక్కుండా.

నిజం చెప్పాలంటే ఆ జవాబు నాకు నచ్చింది. తప్పు చేసినవాడు అలా నిలబడి మాట్లాడలేడు.

“మీరు మోటారు వేసింది ఎందులో?”

“అది చెప్పినదాంట్లోనేనమ్మా. మూడో దాంట్లో. గంట సేపు తిప్పాను. చేప హాయిగా ఉంది. తెల్లారాక చూద్దును కదా, కొంగలన్నీ అవతల దాని మీద వాలిపోతున్నాయి.”

నేను ప్రింటు తీసి చదివాను. “మూడు. తొమ్మిదెకరాలు, శీలావతి, గట్టు మీద ట్రాన్స్‌ఫార్మరు.”

“ఆగమ్మా. ట్రాన్స్‌ఫార్మరు ఉన్నది ఐదో దాని గట్టు మీద కదా.”

“కాదండీ, మూడు. సర్వే కాగితంలో అలాగే ఉంది.”

“కాగితం సంగతి నాకు తెలియదమ్మా. చెరువుల్ని లెక్కపెట్టేది తూము దగ్గర నుంచి. కాలవ నీళ్లు ముందు ఏది తాగితే అది ఒకటోది. మేమందరం అలాగే అంటాం. ఇక్కడ ఎవరినైనా అడుగు.”

నేను గట్టు మీద నిలబడి అటూ ఇటూ చూశాను. తూము ఆ చివర. రోడ్డు, గేటు ఈ చివర. సర్వేయరు రోడ్డు మీద దిగి గేటు నుంచి లెక్కపెట్టి ఉంటాడు. ఆ కాగితం చూసి నేను ప్రోగ్రాంలో అవే నంబర్లు పెట్టాను. గేటు నుంచి మూడోది, తూము నుంచి ఐదోది. మరి నెల రోజులు ఎలా నడిచింది? ఆ నెలంతా నాలుగో చెరువే మొరాయించింది. ఏడింటిలో నాలుగోది ఎటు నుంచి లెక్కపెట్టినా నాలుగోదే.

సిగ్గుతో నా ముఖం మాడిపోయింది. ఒక్క అంకె పంపి చేతులు దులుపుకున్నది నేను. మాట పడింది ఆయన.

సాయిగణేష్‌కి ఫోను చేసి చెప్పాను. “జాయ్సీ గారూ, మీరేం అనకండి. గుట్టుగా నంబర్లు మార్చేసి వచ్చేయండి. సోమవారం కలిదిండి నుంచి ఇద్దరు రైతులు చూడ్డానికి వస్తున్నారు. ఇప్పుడు తప్పు మనదంటే ఎవరు పెట్టించుకుంటారు?”

“మరి ఎలీషా గారి పని?”

“ఇంకెక్కడైనా దొరుకుతుందిలెండి.”

“అయితే నాకూ ఇంకెక్కడైనా పని దొరుకుతుందిలెండి” అని ఫోను పెట్టేశాను. వెంటనే కామరాజు గారికి ఫోను చేసి, ఒకసారి చెరువుల దగ్గరికి రావాలండీ అన్నాను.

గంటన్నరలో ఆయన కారు గేటు దగ్గర ఆగింది. ఈలోగా చెరువుల పరికరాలు కలిపి ఉన్న షెడ్డు కంప్యూటరులో నిన్న రాసిన కొత్త ప్రోగ్రాం ఎక్కించాను. కామరాజు గారు లోపలికి వచ్చి, ఎలీషా వైపు చూడకుండా కుర్చీలో కూర్చున్నారు.

“బాబాయి గారూ, వెళ్లి మీ మూడో చెరువులో మోటారు వేయండి” అన్నాను. ఎలీషా వెళ్లాడు. కాసేపటికి మోటారు చప్పుడు వినిపించింది. తెర మీద వరస వచ్చింది. నేను పైకి చదివాను.

“మోటారు తిరిగింది. ఐదు. ఆరెకరాలు, కట్ల, గట్టు మీద పాత పాక.”

కామరాజు గారు ముందుకి వంగారు. “ఐదేంటమ్మా?”

“మీ కాగితం ప్రకారం ఐదండీ. తూము నుంచి లెక్కపెడితే మూడు. ఇక్కడ పనిచేసే వాళ్లందరికీ అదే మూడు. ఆ రోజు మెసేజి చూసి ఆయన పన్నెండు నిమిషాల్లో మోటారు వేశారు. పాత లాగ్‌లో ఆ వరస ఉంది, రెండు చెరువులు వేరని కూడా ఉంది. చదివితే మనిషికి అర్థమయ్యేలా నేను రాయలేదు. మెసేజిలో కూడా నంబరు ఒక్కటే పెట్టాను. తప్పు ఆయనది కాదండీ, నాది.”

ఒక్క ముక్క కూడా దాచకుండా చెప్పాను. అది నాకు ఇప్పటికీ సంతోషం. ఆ తర్వాత సాయిగణేష్ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు కలిదిండి రైతులకి, ‘మా సిస్టంలో ప్రతి చెరువూ తన గుర్తులన్నీ తనే చెప్పుకుంటుందండీ’ అని తనే కనిపెట్టినట్టు చెప్పుకున్నాడు. అది వేరే సంగతి.

ఎలీషా తిరిగి వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. కామరాజు గారు తెర మీది వరసని వేలు పెట్టి ఇంకోసారి చదువుకున్నారు. ఆయన చెడ్డవాడు కాదు, తొందర మనిషి.

“సరే ఎలీషా. రేపటి నుంచి వచ్చెయ్యి” అన్నారు.

“వస్తానండి” అన్నాడు ఎలీషా. కదల్లేదు. “కానండీ, నన్ను అబద్ధాలకోరు అన్నది మా ఆవిడ సుగుణ ముందరండి. అది కాదన్న మాట కూడా తన ముందరే అనండి. ఆ తర్వాత వస్తాను.”

కామరాజు గారి ముఖం ఎర్రబడి, మెల్లగా మామూలైంది. లేచి కండువా సర్దుకున్నారు.

“ఇల్లెక్కడ?” అన్నారు.

పదకొండేళ్లుగా తన చెరువులు కాస్తున్న మనిషి ఇల్లెక్కడో ఆయనకి తెలియదు. ఆ సంగతి అడిగాక ఆయనకే తట్టినట్టుంది, తల దించుకున్నారు. ఎలీషా మాత్రం ఏమీ అనుకోకుండా “రండి, చర్చి వెనకాలండి. కారు పోదు, నడవాలి” అని ముందుకి దారితీశాడు.

గట్టు వెంట నడిచాం. సుగుణమ్మ అరుగు మీద కూర్చుని బియ్యం ఏరుతోంది. మమ్మల్ని చూసి లేచి, చేట పక్కన పెట్టింది.

“అమ్మా, తప్పు మాదే. ఎలీషా అబద్ధం ఆడలేదు” అన్నారు కామరాజు గారు, అందరికీ వినబడేలా.

ఆవిడ చీర కుచ్చిళ్లు దులుపుకుంది.

“నాకు ముందే తెలుసండి” అంది. “మీకు తెలియాలనే తీసుకొచ్చాడు.”