తగిన విధంగా మార్చుకోగలరు

పొద్దున్నే ఆమె చేసే మొదటి పని స్టూలు లాగడం. పై అరలోని కాఫీపొడి డబ్బా ఆమెకు అందదు. వంటగది కట్టేటప్పుడు వడ్రంగి పక్కన నిలబడి, చెయ్యి పైకెత్తి కొలతలు చెప్పింది భర్త. ఆ తర్వాత ఆయన ఆ అరలోంచి డబ్బా తీసిన రోజు లేదు. "ఒక్క స్టూలేగా, దానికింత రాద్ధాంతమా?" అన్నాడు అప్పట్లో. ఆరేళ్లుగా రోజుకు పదిసార్లు ఎక్కి దిగుతోంది.

ఆ రోజు స్టూలు మీద ఉండగానే ఫోన్ మోగింది. టీమ్ లీడ్.

"కొంప ముంచారు మేడమ్. మీ క్లౌడ్ కీ బయటికి పోయింది. వెంటనే రండి."

క్లౌడ్ కీ అంటే కంపెనీ సర్వర్లకు తాళంచెవి. ఒక చిన్న ఫైలు. బయలుదేరేలోపే అది ఎలా పోయిందో తేలిపోయింది. మరిది తన ప్రాజెక్టు కోసం ఇంటి కంప్యూటర్లోంచి ఆమె కీ కూడా ఉన్న ఓ ఫోల్డరు మొత్తం ఇంటర్నెట్‌లో పెట్టాడు. "నాకేం తెలుసు వదినా, క్లిక్ చేస్తే తెరుచుకుంది" అన్నాడు. కంపెనీ లాప్‌టాప్‌లు సీనియర్లకే ఇస్తారు. ఇంటి నుంచి పనిచేసే రోజుల్లో ఆమెకు ఇంట్లో అందరూ వాడే ఆ విండోస్ కంప్యూటరే గతి.

ఆఫీసులో లీడ్ ఆమె ముందు ఒక కాగితం పెట్టాడు. 'నా అజాగ్రత్త వల్ల జరిగింది' అని టైపు చేసి ఉంది.

"పన్నెండులోపు సంతకం పెట్టేయండి. గొడవ ఇక్కడితో పోతుంది."

గొడవ పోతుంది, కాగితం ఉండిపోతుంది. ఇక ఎవరూ ఆమెను సర్వర్ల దరిదాపులకు రానివ్వరు. భర్తకు ఫోన్ చేసింది. "సంతకం పెడితే పోయేదేముంది? సారీ చెప్పడం నీకు కొత్తా?" అన్నాడు. కొత్త కాదు. పాలు పొంగితే ఆమే చెప్పింది, ఆయన తాళాలు మర్చిపోతే ముందే గుర్తుచేయనందుకు ఆమే చెప్పింది, అత్తగారి మందు షాపులో దొరక్కపోయినా ఆమే చెప్పింది. ఆ మాట నోటికి ఎంత అలవాటైపోయిందంటే, పెన్ను మూత ఎప్పుడు తీసిందో ఆమెకే తెలియలేదు.

మూత మళ్లీ పెట్టి, కీ ఎలా దాచుకోవాలో చెబుతూ లీడ్ రాసిన కంపెనీ గైడు తెరిచింది. ఐదో స్టెప్: 'ఫైలును పని ఫోల్డరులో పెట్టి ఈ కమాండ్ ఇస్తే, మీరు తప్ప ఇంకెవరూ తెరవలేరు.' ఆ కమాండ్ ఆపిల్ వాళ్ల మ్యాక్‌లోనే పనిచేస్తుంది, లీడ్ లాప్‌టాప్ మ్యాక్. ఆమె విండోస్ కంప్యూటర్ దాన్ని అసలు గుర్తుపట్టలేదు. కింద సన్నటి అక్షరాల్లో ఒక వాక్యం: 'విండోస్ వాడేవారు తగిన విధంగా మార్చుకోగలరు.'

దాని కింద ఎనిమిది నెలల నాటి తన ప్రశ్న: 'సార్, విండోస్‌లో ఫైలుకు తాళం ఎలా వేయాలి?'

లీడ్ జవాబు: 'చిన్న విషయం మేడమ్. తర్వాత చూద్దాం. ఈలోపు పని ఆపకండి.' పక్కన నవ్వు బొమ్మ.

ఆ పేజీని, సంతకం లేని కాగితం ఫొటోను కలిపి కంపెనీ డేటా భద్రత చూసే పై అధికారికి పంపింది. తర్వాత విండోస్ స్టెప్పులు తానే రాసి, తన కంప్యూటర్లో సరిచూసి, మ్యాక్ స్టెప్పుల పక్కనే అంతే పెద్ద అక్షరాల్లో పెట్టింది. సన్నటి వాక్యం చెరిపేసింది. ఇరవై నిమిషాలు పట్టింది. ఎనిమిది నెలలుగా ఎవరికీ దొరకని ఇరవై నిమిషాలు.

పన్నెండు కాకముందే లీడ్ పరిగెత్తుకొచ్చాడు. "పైనుంచి నన్ను పిలిచారు! ఏదో సరదాకి రాసింది మేడమ్ అది, దాన్ని పట్టుకుని..."

ఆమె కాగితం అతని వైపు జరిపింది. పెన్ను కూడా.

"మీరు పెట్టండి సార్. పెడితే పోయేదేముంది?"

మర్నాడు ఆమె చెప్పులు వేసుకుంటుంటే వంటగదిలోంచి భర్త కేక. "కాఫీపొడి ఏదీ?"

"అన్ని డబ్బాలూ కింది అరలోకి మార్చాను."

"ఇంత కిందనా? నా నడుం ఏమైపోవాలి?"

"స్టూలు అక్కడే ఉంది," అంది ఆమె తలుపు తీస్తూ. "కూర్చుని తీసుకోండి."