అర్జీలో ముద్దుపేర్లు

బురీరామ్ గంజాయి జాతరలో మద్దతుకు కొదవ లేదు. ఆకు బొమ్మ చొక్కాలు, ఆకు వేసిన కోడి పులుసు, ఆకుపచ్చ ఐస్‌క్రీము. మొక్కను మళ్లీ నేరం కింద చేరుస్తామంటున్న మంత్రిని తిట్టని నోరు లేదు. అది వద్దనే అర్జీ మీద సంతకాల కోసం జనాన్ని ఎలా బతిమాలాలో ఉరై వారం రోజులు సాధన చేసుకుని వచ్చింది. తీరా చూస్తే పొద్దున్నే ఆమె బల్ల ముందు వరస కట్టారు.

ఉరై ఉద్యమాల మనిషి కాదు. భర్త థావిన్ బడిపంతులుగా రిటైరయ్యాక చేతుల వణుకు పట్టుకుంది. కాళ్లు బిగుసుకుపోయి నొప్పికి కేకలు పెట్టేవాడు. పెరట్లో నాలుగు మొక్కలు పెంచి, నూనె తీసి నాలుక కింద చుక్కలు వేయడం మొదలుపెట్టాకే ఇద్దరికీ ఇంత నిద్ర పడుతోంది. చట్టం మారితే ఆ నాలుగూ పీకేయాలి. ఆమెకు తెలిసిన రాజకీయం అంతే.

ఐదింటికి అర్జీ కాగితాలు బ్యాంకాక్ వ్యానెక్కాలి. నాలుగింటికి, అర్జీ పెడుతున్న సంఘం లాయరు సుదా వచ్చి కట్ట తిరగేసి తల పట్టుకుంది.

"ఇదేంటి పిన్నీ? రొయ్య, బొద్దు, చిన్న పంది... ఇది పార్లమెంటుకెళ్లే అర్జీనా, సంత జాబితానా?"

తప్పు ఉరైదే. ఈ దేశంలో పుట్టినప్పటి నుంచీ మనిషిని ముద్దుపేరుతోనే పిలుస్తారు. అసలు పేరు గుర్తింపు కార్డులో పడి ఉంటుంది. పేరు రాయమని ఆమె అడిగింది, వాళ్లు రాశారు. కార్డు నంబరు గడి ఖాళీగా వదిలేస్తే తొందరలో ఉన్నారులే అనుకుంది.

మైకులో బతిమాలి సంతకాలు పెట్టినవాళ్లను మళ్లీ పిలిపించింది. కొందరు నవ్వుకుంటూ వచ్చి దిద్దారు. బ్యాంకు ఉద్యోగి ఒకామె మేనేజరు చూస్తే బాగోదంది. తాను గుడికి వెళ్లిందనే అమ్మ అనుకుంటోందని ఆకు టోపీ పెట్టుకున్న పిల్ల జారుకుంది. ఇంకొకడు ఎదురు అడిగాడు. "పీల్చడానికి ఎవరూ కార్డు అడగలేదు కదా పిన్నీ, సంతకానికెందుకు?"

వేదిక ముందు గొంతు చించుకున్నవాళ్లే ఇలా తప్పుకుంటుంటే ఉరైకి ఒళ్లు మండింది. పనికిరాని పేర్లు కొట్టేద్దామని మొదటి కాగితం తీసింది. మూడో వరసలో వంకర అక్షరాలతో 'కప్ప' అని ఉంది. పక్కన నంబరు లేదు. ఆ వణుకు ఆమెకు తెలుసు.

థావిన్ బల్ల వెనక మడత కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

"మాష్టారూ, మీకు కూడా కార్డు లేదా?"

"పెన్షనుంది కదే," అన్నాడు తల ఎత్తకుండా. "రేపు ఎవడైనా ఈ కాగితం పట్టుకొచ్చి అడిగితే ఏం చెప్పను?"

"మొక్కలు నా పేరున నమోదయ్యాయి. అసలు పేరున. పోలీసులొస్తే ఎవర్ని పట్టుకెళ్తారు?"

ఉరై పెన్ను ఆయన ముందు పెట్టి నిలబడింది. కోపం కన్నా సిగ్గే ఎక్కువగా వేసింది, ఆయన బదులు కూడా తనకే. వ్యాను హారన్ మోగింది. పెన్ను పెట్టినచోటే ఉంది.

ఆ వరస మీద అడ్డంగా గీత కొట్టి కట్ట సుదా చేతిలో పెట్టింది. వెనక్కి వచ్చేసరికి మందు వేళ దాటి పది నిమిషాలైంది. సంచిలోంచి నూనె సీసా తీసి, నోరు తెరవమంది.

ఆయన తెరిచాడు.