ఆగలేదు, ఆపలేదు

ఆ వారమంతా నేను కాలుగాలిన పిల్లిలా తిరిగాను. కుట్టు మిషను ముందు కూర్చుంటే దారం తెగేది, పొయ్యి దగ్గర నిలబడితే పాలు పొంగేవి. అంతటికీ కారణం మా వదిన. వదిన కూడా కాదు, వదిన నోట్లో ఉన్న ఒక్క అక్షరం.

మా వదిన పెద్ద లాండ్రీలో పనిచేసేది. ఆసుపత్రుల దుప్పట్లు, హోటళ్ళ దుప్పట్లు బండ్ల కొద్దీ వచ్చి పడే చోటు. ఒకరోజు ఇస్త్రీ రోలరులోకి దుప్పటితో పాటు ఆమె కుడిచెయ్యి కూడా వెళ్ళింది. రెండు వేళ్ళు పోయాయి, వాటి వెనకే ఉద్యోగమూ పోయింది. ఆ సంగతే మా హాల్లో నాటకం కట్టాం. వదిన వేషం వదినే వేస్తోంది. తెర పక్కన నిలబడి, మరిచిపోయినవాళ్ళకి మాట అందించే పని నాది. వేషాలకి బట్టలు కుట్టే పనీ నాదే, తలుపులు తీసే పనీ నాదే, అందరి చేతా తిట్లు తినే పనీ నాదే.

మా హాలు అంటున్నాను గానీ అది మాది కాదు. ఆ లాండ్రీ యజమానిదే. ఆయన పాత గోడౌను మీది అంతస్తు. ఆయన భార్యకి సంగీతం అంటే ఇష్టమని, ఏనాడో ఊరికే వాడుకోమని వదిలేశారు. ఒక మూల మద్దెల, హార్మోనియం మోగుతుంటే పిల్లలు నాట్యం అడుగులు నేర్చుకుంటుంటారు. ఇంకో మూల, కిటికీ కింద, ప్లీడరమ్మ బల్ల వేసుకుని కూర్చుంటుంది. ఇల్లు ఖాళీ చేయమన్నారని ఒకరు, జీతం ఎగ్గొట్టారని ఒకరు వచ్చి, ఆ వాయిద్యాల మోతలో గొంతు చించుకుని తమ గోడు చెప్పుకుంటారు. ఆవిడ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని వింటుంది. కొత్తగా వచ్చినవాళ్ళకి మతిపోతుంది. నాకు మాత్రం ఆ హాలంటే ప్రాణం. ఇంట్లో నేను నోరు విప్పితే "నీకెందుకే" అన్నవాళ్ళే గానీ, నువ్వేమంటావని అడిగినవాళ్ళు లేరు. అలా అడిగింది అక్కడే.

సరే, రిహార్సలు చూడ్డానికని లాండ్రీ మేనేజరు వచ్చాడు. చూసి, బాగుందన్నాడు. మా అయ్యగారు కళలంటే చెవి కోసుకుంటారు, ముందు వరసలో కూర్చుని చూస్తారు, ఒక్క అక్షరం మారిస్తే చాలన్నాడు. నాటకంలో వదిన అనే మాట ఇది: "నేను కేక పెట్టాను. మిషను ఆపలేదు." అందులో 'ఆపలేదు' తీసేసి 'ఆగలేదు' అనాలట. ఆగలేదంటే మిషను తప్పు, ఆపలేదంటే మనిషి తప్పు, ఆ మనిషి సంగతి మనకెందుకు అని నవ్వాడు. హాలుకి రంగులు వేయిస్తామన్న మాట, లేదంటే హాలుతో వేరే అవసరం పడవచ్చన్న మాట, రెండూ ఒకే గుక్కలో చెప్పి మెట్లు దిగాడు.

మాస్టారు నీళ్ళు నమిలారు. నాటకం రాసింది ఆయనే, ఆడిస్తున్నదీ ఆయనే. చివరికి మార్చేద్దామన్నారు. ప్లీడరమ్మ ఒంటికాలి మీద లేచింది. నేను మాస్టారి వైపు. దాచుకోవడం ఎందుకు, హాలు పోతే నేనెక్కడికి పోను?

ఇక వదినని ఒప్పించే పని నా నెత్తిన పడింది. చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను. వడ్డిస్తూ ఒకసారి, బట్టలు ఆరేస్తూ ఒకసారి. ఎంతమంది పిల్లలు వస్తున్నారు వదినా, ఎంతమంది ఆడవాళ్ళు ప్లీడరమ్మ కోసం వస్తున్నారు, ఒక్క అక్షరానికి ఇంత పట్టుదలా అని. ఆమె ఊ అనదు, ఉహూ అనదు. ఆడపడుచు పోరు ఇన్నాళ్ళకి మొదలైందని మా అన్నతో చెప్పి నవ్వింది. ఒక్కసారి మాత్రం, ఎడమ చేత్తో జడ అల్లుకోలేక విసిగిపోయి, దువ్వెన నా చేతికిస్తూ అంది.

"మిషను దానంతట అది ఆగుతుందా? దానికి నా మీద జాలా? నేను కేకపెట్టింది మిషను వింటుందని కాదే. మనుషులు వింటారని."

జడ గట్టిగా అల్లి ముడి వేశాను. మర్నాడు మళ్ళీ మొదలుపెట్టాను. ప్రదర్శన ముందురోజుకి ఆమె అలిసిపోయి, సరేలే, నీ హాలు నీకే ఉంటుందిలే అంది. గెలిచాను గదా, సంతోషంగా ఉండాలి. ఆ రాత్రి ఆమె వేషం బట్టలు కుట్టిందే విప్పి మళ్ళీ కుట్టాను.

సాయంత్రానికి హాలు కిక్కిరిసింది. ముందు వరసలో యజమాని, ఆయన భార్య, మేనేజరు. వెనక గోడని ఆనుకుని లాండ్రీ ఆడవాళ్ళు. డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టున్నారు, సబ్బు వాసన నా దాకా వస్తోంది. మా మెట్లెక్కడం వాళ్ళకి అదే మొదలు. యజమాని వెనక్కి తిరిగి చూస్తే అందరూ తలలు దించుకున్నారు.

వదిన దుప్పటి పట్టుకుని స్టేజీ మధ్యకి వచ్చింది. కథ నడిచింది. ఆ మాట దగ్గరికి వచ్చింది.

"నేను కేక పెట్టాను. మిషను..."

ఆగిపోయింది.

మరిచిపోయిందనుకున్నాను. కానీ వదిన మరిచిపోవడం ఏమిటి? తన మాటలే కాదు, నాటకంలో అందరి మాటలూ ఆమెకి నోటికొచ్చు. మెల్లిగా మెడ తిప్పి నా వైపు చూసింది. కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. నువ్వేమంటావని అడుగుతోంది.

'ఆగలేదు' అన్నది నా పెదవుల మీద సిద్ధంగానే ఉంది. వారం రోజులు దాన్నే నమిలాను గదా! ఆమె చేతిలో దుప్పటి జారుతోంది. ఆ చేత్తో దాన్ని గట్టిగా పట్టుకోవడం కుదరదు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీదో చెప్పలేను, ముందు నా మీదే అనుకుంటాను.

"ఆపలేదు" అన్నాను.

గుసగుసగా అందించాల్సిన మాట. సగం హాలుకి వినబడింది.

వదిన జనం వైపు తిరిగి, "మిషను ఆపలేదు" అంది.

ముందు వరసలో కుర్చీ కిర్రుమంది. యజమాని లేచి నిలబడ్డాడు.

"ఆ రోజు నేను ఊళ్ళోనే లేను."

అందరం బిత్తరపోయాం. నాటకంలో ఆయన పేరు లేదు, యజమాని వేషమే లేదు. మేనేజరు చొక్కా పట్టుకుని లాగుతున్నా ఆయన కూర్చోలేదు.

"మిషను ఆపే స్విచ్చు పాడైంది, పని ఆపి బాగుచేయిస్తామని పొద్దున ఫోన్ చేశారు. ఆ రోజు దుప్పట్ల లోడు వెళ్ళాక చూద్దామన్నాను. అంతే గదా నేనన్నది?"

ఆ ఫోను సంగతి మాకెవరికీ తెలియదు. వదినకీ తెలియదు. ఆమె మొహంలో నెత్తురు చుక్క లేదు. ఇన్నాళ్ళూ దుప్పటి తనే సరిగ్గా పట్టుకోలేదేమోనని లోలోపల కుమిలిందని నాకు తెలుసు. ప్లీడరమ్మ బల్ల మీద పెన్ను కోసం తడుముకుంటోంది. యజమాని భార్య ఆయన్నే చూస్తోంది.

"మిమ్మల్ని ఎవరూ ఏమీ అనలేదండీ" అంది వదిన, నెమ్మదిగా.

ఆయన తలుపు వైపు నడిచాడు. లాండ్రీ ఆడవాళ్ళు దారి ఇచ్చారు గానీ, ఈసారి తలలు దించలేదు.

మర్నాడు పొద్దున్నే మేనేజరు మనుషుల్ని పెట్టి మా సామానంతా మెట్ల మీదికి చేర్పించి, కొత్త తాళం వేయించాడు. నేను వేషాల మూట ఒళ్ళో పెట్టుకుని, మెట్ల మీద కూర్చుని భోరుమన్నాను. వదిన పక్కన కూర్చుంది. అంతా నీవల్లే, ఆ మాట నా మీద ఎందుకు పెట్టావని కడిగేశాను.

"వారమంతా నువ్వు చెప్పావు, నేను విన్నాను. నిన్న నిన్ను అడిగాను, అంతే" అంది. ముక్కు చీదుకున్నాను.

అప్పుడే లాండ్రీ ఆడవాళ్ళు వచ్చారు. డ్యూటీకి వెళ్ళే దారి అది కాదు, చుట్టూ తిరిగి వచ్చారు. కొత్త తాళం చూశారు, సామాను చూశారు. వాళ్ళలో పెద్దావిడ నా ముందుకొచ్చి, తమకీ చెప్పుకోవాల్సినవి ఉన్నాయంది. ఎప్పుడు రమ్మంటావని అడిగింది.

సాయంత్రం రమ్మన్నాను. ఎక్కడికి అంది.

"ఇక్కడికే. ఈ మెట్ల మీదికే" అన్నాను.