కోడలి మాత్రలు

సైకిలు పంక్చర్లు వేసేవాడికి నోటితో పెద్దగా పని ఉండదు. నలభై ఏళ్లుగా నేను అలాగే బతికాను. అందుకేనేమో, ఇంట్లో ఎవరికి ఏ గుట్టు ఉన్నా నా చెవిన వేసి పోతారు.

కోడలికి ఐదో నెలలో, ఒంట్లో రక్తం తక్కువగా ఉందని డాక్టరమ్మ ఐరన్ మాత్రలు ఇచ్చింది. మింగిందంటే చాలు, పిల్ల వాంతికి పరుగెత్తేది. మా ఆవిడేమో పొద్దున్నే మాత్రల అట్టలో ఇంకో గడి ఖాళీ అయిందని చూడందే ఎవరికీ టీ పోయదు.

ఒకరోజు కోడలు మాత్రను నా అరచేతిలో పెట్టింది. "మామయ్యా, మీకు పుణ్యముంటుంది, దీన్ని ఎక్కడైనా పారేయండి."

పారేయడం నా వల్ల కాదు. తుప్పు పట్టిన నట్టును కూడా డబ్బాలో దాచేవాణ్ణి. మింగేశాను. అలా రోజుకొకటి, రెండు నెలలు మింగాను. మలబద్ధకం పట్టుకుంది. అదీ ఎవరికీ చెప్పలేదు.

ఏడో నెలలో పరీక్ష చేస్తే రక్తం ఏడున్నరకు దిగింది.

డాక్టరమ్మ నుదురు చిట్లించింది. "అరవై మాత్రలు మింగినా ఎక్కలేదంటే లోపల ఇంకేదో జబ్బుండాలి. పెద్దాసుపత్రికి పంపుతాను. ఎముకలో సూది పెట్టి చూస్తారేమో. ఇంత తక్కువ రక్తంతో కాన్పంటే తల్లికీ బిడ్డకీ ప్రమాదం."

కోడలి ముఖం సున్నం కొట్టిన గోడైంది. నా వైపు చూసింది. చెప్పమనో, చెప్పొద్దనో తెలియలేదు.

గొంతు సవరించుకున్నాను. "నేనే మింగాను."

మా ఆవిడ నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. "అయితే నీకెన్నో నెలయ్యా?"

డాక్టరమ్మ నవ్వు ఆపుకుని నన్ను చెడామడా తిట్టి, నాకూ రక్తపరీక్ష రాసింది. "ఇక మాత్రలొద్దు. ఐరన్ నరంలోకే ఎక్కిద్దాం. మామగారు మింగడానికి అందులో ఏమీ ఉండదు."

కోడలికి సూదంటే హడల్. మంచం మీద పడుకుని నా చొక్కా పట్టుకుంది. "మీరు మాట్లాడుతూ ఉండండి మామయ్యా. ఆపారంటే పీకేసుకుని పోతా. మీరు చేసిన నిర్వాకానికి ఇదే శిక్ష."

"నా చేతిలో పెట్టిందెవరమ్మా?"

"చూశారా, మాటలొస్తున్నాయి. కానివ్వండి."

నాకు తెలిసింది ఒకటే. టైరు ఊడదీయడం దగ్గర మొదలుపెట్టాను. ట్యూబును నీళ్లలో ముంచడం, బుడగ లేచిన చోట గుర్తు పెట్టడం, ఉప్పుకాగితంతో గీకడం. నర్సు బి.పి. చూసింది, చుక్కలు సరిచేసింది, దురదగానీ ఆయాసంగానీ ఉందా అని అడిగింది. నేను మాత్రం ఆపలేదు.

"తాతగారూ, సీసా అయిపోయి అరగంటైంది. ఇక ఇంటికి వెళ్లొచ్చు."

"ఆగమ్మా, ఇంకా ప్యాచ్ అతకలేదు."

కోడలు గురక పెడుతోంది.

వారం తర్వాత ఇంకో సీసా ఎక్కించారు. నెల తిరిగేసరికి రక్తం పదిన్నర. ఆ కాగితం పట్టుకుని మా ఆవిడ ఆసుపత్రి మెట్ల మీద నన్ను నిలేసింది. "నలభై ఏళ్లలో నాతో నాలుగు మాటలాడావా? కోడలికి మాత్రం రెండు సీసాల కబుర్లా!"

"నువ్వెప్పుడూ సూదికి భయపడలేదుగా."

"ఇప్పుడు పడతాను," అంటూ మెట్టు మీద కూలబడింది.

పక్కన కూర్చుని, టైరు ఊడదీయడం దగ్గర మొదలుపెట్టాను.