నజీమా పట్టుకున్న ముక్కు

నజీమా ఎడమ చేత్తో రక్తం పీల్చే గొట్టం పట్టుకుని, కుడి చేతి రెండు వేళ్లతో కుర్చీలో పడుకున్న యల్లమంద ముక్కు మూసింది. పదహారేళ్లుగా నరసరావుపేటలోని ఈ పళ్లాసుపత్రిలో ఆమె పని ఇదే. పట్టుకోవడం, పీల్చడం, తుడవడం, నోరు మూసుకోవడం. బయట బోర్డు మీద డాక్టరు పేరుంది. ఈమె పేరు ఎక్కడా లేదు.

పై దవడలో ఎముక పలచబడ్డ చోట స్క్రూ పన్ను నిలబడాలంటే, దాని పైనున్న గాలిగది పొరను కాస్త లేపి, కింద ఎముక పొడి కూరాలి. ఆ పొర కోడిగుడ్డు పెంకు లోపలి పొరంత పలచన. చిరిగిన సంగతి తెలియక పొడి కూరితే పైకి పోయి చీము పడుతుంది. అందుకే ముందు ముక్కు మూసి, ముక్కులోకే గాలి ఊదమంటారు. ఎముకకు పెట్టిన రంధ్రంలో బుడగ లేస్తే చిరిగినట్టు.

"ఊదండి," అన్నాడు డాక్టర్ కృష్ణచైతన్య. బయట ఇంకా ఏడుగురు కూర్చుని ఉన్నారు.

యల్లమంద కళ్లు గట్టిగా మూసుకున్నాడు. బుడగ రాలేదు.

"సేఫ్. పౌడర్ ఇవ్వు."

నజీమా ఇవ్వలేదు. ఊదితే ముక్కు వేళ్ల కింద ఉబ్బాలి. ఉబ్బలేదు.

"సార్, ఈయన ఊదలా."

"నాకు కనపడదా?"

"వేళ్లు నాయి గదా సార్." ఆమె వంగింది. "ఏంది బాబాయ్, ఊదావా?"

మొద్దుబారిన పెదవితో యల్లమంద గొణిగాడు: "దేవుడసుమంటి డాక్టరుగారి మొఖాన నెత్తురు తుంపర కొట్టమంటావేందమ్మా? సిగ్గూ శరం ఉండొద్దా?"

ముప్పయ్యేళ్లు పిడుగురాళ్ల సున్నపు బట్టీల్లో తిట్లు తిన్న మనిషి. ఎవడి ముందూ గట్టిగా దగ్గడు కూడా. తన్నేవాడి కాలు నొస్తుందేమోనని జంకే ఈ మర్యాద ఎవడు నేర్పాడో మనకి!

"ఆయనకి మాస్కుంది. నీకేముంది? మెల్లిగా ఊదు. పడితే నా మీద పడనీ."

ఊదాడు. వేళ్ల కింద ముక్కు ఉబ్బింది. రంధ్రంలో ఆవగింజంత ఎర్ర బుడగ లేచి పగిలింది. వెనకే ఇంకొకటి.

డాక్టరు మెడ ఎర్రబడింది. చిల్లు మీద అతుకు పొర పరిచి, చిగుళ్లు కుట్టేసి, నాలుగు నెలలు ఆగి రమ్మన్నాడు.

యల్లమంద లేచి డాక్టరుకే దణ్ణం పెట్టాడు. "తమరు కాబట్టి కనిపెట్టారు బాబూ."

డాక్టరు కాదనలేదు. యల్లమంద వెళ్లాక మాత్రం నజీమాతో అన్నాడు: "పేషెంటు ముందు నా తప్పు ఎత్తి చూపావు. రేపట్నుంచి రావద్దు."

"మీరు తప్పు చేయలా సార్. చేయబోయారు."

అంతే. పనిముట్లు కడిగి, ఆవిరి పెట్టెలో సర్ది, స్విచ్ వేసి వెళ్లిపోయింది. ఏడుగురిలో ఒక్కరూ తలెత్తి చూడలేదు.

"నజీమా, సక్షన్!" అని తర్వాతి పేషెంటు నోట్లోంచి తలెత్తకుండానే రెండుసార్లు అరిచాడు డాక్టరు.

ఆపరేషన్ గది గడప పక్కన ఆమె లోపల వేసుకునే నీలం రబ్బరు చెప్పులున్నాయి, కుర్చీ వైపు వంగి వంగి రెండూ ఒకే పక్కకు అరిగి.