సూపర్‌వైజర్ మాట

విజయవాడ ఆటోనగర్‌లో వెంకటకృష్ణారావు బస్సు బాడీల షెడ్డులో రోజూ జరిగేదే అది. సూపర్‌వైజర్ అక్తరున్నీసా సీట్ల వరుస పరీక్షించి, "ఇక్కడ ఇంకో బోల్టు బిగించాలి" అంటుంది. వెల్డర్ జాన్‌బాబు మర్యాదగా తల ఊపుతాడు. ఆమె అటు తిరగ్గానే ఫోను తీసి, "సార్, మేడం బోల్టు వెయ్యమంటున్నారు, వెయ్యమంటారా?" అని యజమానిని అడుగుతాడు. ఆయన ఎక్కడున్నా విసుక్కోకుండా జవాబిస్తాడు. ఇందులో తప్పేముందని చూసేవారికి అనిపిస్తుంది. అక్తరున్నీసాకీ మొదట్లో అలాగే అనిపించింది. పాలిటెక్నిక్‌లో మెకానికల్ చదివిన ఆమెకు ఆయన ఉద్యోగమిచ్చాడు, విడిగా గది ఇచ్చాడు. నిర్ణయాలు మాత్రం తన దగ్గరే అట్టిపెట్టుకున్నాడు.

ఆ శనివారం ఆయన చల్లపల్లిలో మేనకోడలి నిశ్చితార్థానికి వెళ్లాడు. ఒక స్కూలు బస్సును ఆ రోజే అప్పగించాలి. ఆఖరి పరీక్షగా అక్తరున్నీసా బస్సు ఎడమ చక్రాలను సిమెంటు దిమ్మె మీదికి ఎక్కించింది. బస్సు ఒక పక్కకు ఒరిగింది. చదును నేల మీద ఇట్టే తెరుచుకునే ఎమర్జెన్సీ తలుపు ఇప్పుడు ఎంత లాగినా కదల్లేదు.

"ఈ బండి ఇవాళ బయటికి వెళ్లదు," అంది.

"సార్ చెప్పాలి కదండీ మేడం!" అన్నాడు జాన్‌బాబు. ఆయన ఫోను మోగుతోంది కానీ ఎవరూ ఎత్తడం లేదు. స్కూలు డ్రైవరు తాళంచెవుల కోసం చెయ్యి చాపాడు.

ఇచ్చేస్తే ఆమెనెవరూ ఏమీ అనరు. ఇవ్వకపోతే ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు. కాలువ గట్ల మీద ఒరుగుతూ పోయే పిల్లల బస్సులు ఆమె కళ్లముందు మెదిలాయి. తాళంచెవులు గుప్పిట్లో బిగించింది.

"సార్‌కి నేను చెప్పుకుంటాను. మీరు వెళ్లండి."

డ్రైవరు స్కూలు కరస్పాండెంట్ తెరేసమ్మకు సంగతి చెప్పాడు. ఆవిడ వదలకుండా ఫోన్లు చేసి యజమానిని పట్టుకుంది. సాయంత్రానికి ఇద్దరూ షెడ్డుకు వచ్చారు.

"నన్నడక్కుండా బండి ఆపడానికి నువ్వెవరమ్మా?" వెంకటకృష్ణారావు మండిపడ్డాడు.

"సూపర్‌వైజర్ని సార్." ఆమె ఎమర్జెన్సీ తలుపు వైపు చెయ్యి చూపించింది. "ఒక్కసారి లోపలికెక్కి ఆ తలుపు తీయండి. తర్వాత మీరేమన్నా పడతాను."

ఒరిగి ఉన్న బస్సులోకి ఆయన ఎక్కాడు. పిడి లాగాడు, భుజంతో తోశాడు, కాలు తన్నిపెట్టి మరీ తోశాడు. చొక్కా చెమటతో తడిసిందే తప్ప తలుపు తెరుచుకోలేదు. దిగేసరికి ఆయన కోపం చల్లారిపోయింది.

"ఈ తలుపు బందులు మార్చాలని మొన్న అన్నావు కదూ?"

"అన్నానండి. తీరిగ్గా చూద్దామన్నారు."

ఆయనకా తీరిక ఎప్పుడూ చిక్కలేదు. ప్రతి బోల్టుకూ తనే జవాబు చెప్పుకునే మనిషికి ఎలా చిక్కుతుంది?

తెరేసమ్మ పిల్లల సీట్లవంక చూసి, "ఆలస్యమైనా ఫర్లేదండీ. ఈ అమ్మాయి సరేనన్నాకే బండి తీసుకెళ్తాం," అంది.

వెంకటకృష్ణారావు పనివాళ్లందరినీ పిలిచాడు. "ఇకనుంచి బండి కదలాలన్నా, ఆగాలన్నా మేడం మాటే. నేను కాదన్నా సరే."

"మరి బందులు ఇప్పుడే తీసెయ్యమంటారా సార్?" జాన్‌బాబు అలవాటుగా అడిగాడు.

"నన్నెందుకు అడుగుతావురా?"

జాన్‌బాబు సిగ్గుపడి ఆమెవైపు తిరిగాడు. "తీసెయ్యండి," అంది అక్తరున్నీసా.

వెంకటకృష్ణారావు తెరేసమ్మతో నెమ్మదిగా అన్నాడు: "బాధ్యత ఒకరి నెత్తిన పెట్టి అధికారం మన దగ్గరే దాచుకుంటే, ఉద్యోగమిచ్చినట్టు కాదండీ, నింద మొయ్యడానికి ఒక మనిషిని పెట్టుకున్నట్టు."