ఎర్ర రిబ్బను ముడి

మా రైష్లిన్ దొరగారు చెడ్డవాడైతే బాగుండేది. హాయిగా తిట్టుకునేదాన్ని. ఆయన బట్టల మిల్లు పెట్టాక జర్మనీలోని మా స్వాబియా లోయలో ఆకలితో చచ్చినవాడు లేడు. పనివాళ్ళకి ఇళ్ళు కట్టించారు, బంగాళదుంపలు వేసుకునేంత పెరడిచ్చారు, జబ్బుచేస్తే డాక్టర్ని పంపారు. మా అన్న లియోన్‌హార్ట్ దూది దుమ్ముకి ఊపిరితిత్తులు పాడై మంచాన పడితే, తనే వచ్చి పక్కన కూర్చుని చెంచాతో సూపు తాగించారు. అలాంటి మనిషిని ఏమని శపించను?

ఇళ్ళకి మాత్రం ఒక రూలుంది. ఇల్లు మగ్గంతో పాటే. మగ్గం మీద మనిషి పోతే కుటుంబం ఖాళీ చెయ్యాలి, ఇంకో నేతగాడు దిగుతాడు. అన్నకి ముగ్గురూ పసివాళ్ళే. మా వదిన వాల్బుర్గాకి వెనకా ముందూ ఎవరూ లేరు. నేనున్నానంటే ఉన్నాను, మిల్లు ఆడపిల్లల వసతిలో ఒక మంచమ్మీద పడి.

అన్నకి ఒకటే కోరిక. తన సమాధి దగ్గర ఎర్ర రిబ్బను కట్టిన దండ పెట్టాలని. అప్పట్లో ఎరుపంటే సోషలిస్టులు, సోషలిస్టులంటే చట్టానికి గిట్టదు. మిల్లులోని మా సోషలిస్టుల్లో ఎవరు పోయినా శ్మశానంలో పోలీసు కత్తెరతో సిద్ధంగా నిలబడేవాడు. మావాళ్ళు కట్టేవాళ్ళు, అతను కత్తిరించేవాడు. పోలీసు కత్తిరిస్తే చచ్చినవాడికి అవమానం కాదు, అదే మర్యాద; సొంతవాళ్ళు విప్పితేనే అవమానం. "వాడు కోస్తే కోసుకోనీ. నువ్వు మాత్రం చెయ్యి పెట్టకు" అన్నాడు అన్న వదినతో. వదిన అన్న చేతిలో చెయ్యేసి మాటిచ్చింది.

ఖననం రోజు సన్నగా వాన. అన్నతో పక్కమగ్గం మీద పనిచేసిన టోబియాస్ దేవదారు కొమ్మల దండ తెచ్చాడు. దానికి రిబ్బను వదినే కట్టింది. దొరగారు టోపీ తీసి, వానలో తడుస్తూ, శవపేటిక వెనకాలే నడిచారు. గొయ్యి దగ్గర పోలీసు కత్తెర తీశాడు.

"ఆగవయ్యా" అన్నారు దొరగారు. "పోయినవాడి దగ్గర కత్తెరేంటి?"

తర్వాత వదిన వైపు తిరిగారు. "అమ్మా వాల్బుర్గా, పిల్లలు పెద్దయ్యేదాకా ఇల్లు నీకే ఉంచేద్దామనుకుంటున్నాను. రూలు పెట్టింది నేనే, సడలించేదీ నేనే. కానీ ఆ గుడ్డముక్క అలా ఉండగా నలుగురిలో ఆ మాట ఎలా అనను చెప్పు? నువ్వే తీసెయ్యమ్మా. నీ చేత్తో."

గొంతులో బెదిరింపు లేదు. కళ్ళలో నీళ్ళున్నాయి, నిజం నీళ్ళే. అందుకే నాకు ఒళ్ళు మండిపోయింది.

"వద్దు చెల్లెమ్మా" అన్నాడు టోబియాస్ మెల్లిగా. "కత్తెర పని కత్తెరని చెయ్యనీ."

చంకలో చిన్నది దగ్గుతోంది. వదిన దాన్ని నా చేతికిచ్చి వంగింది. తడిసిన ముడి ఓ పట్టాన ఊడలేదు. దొరగారు చేతితొడుగులు తీసి జేబులో పెట్టుకుని, దండ కదలకుండా పట్టుకున్నారు. "నెమ్మదిగా తల్లీ, తొందరేం లేదు" అన్నారు. ముడి ఊడింది. వదిన ఆయన చెయ్యి ముద్దుపెట్టుకుంది. మిల్లు జనమంతా చూస్తూనే ఉన్నారు.

మా వైపు పాతిపెట్టి వచ్చాక అందరూ చనిపోయినవాడి ఇంట్లో కూర్చుని తినాలి. లేకపోతే అతన్ని వీధిలో వదిలేసినట్టే లెక్క. వదిన ముందురోజే రొట్టెలు కాల్చింది, ఇరుగుపొరుగు బల్లలు తెచ్చి వేసింది. కాఫీ కాచింది. ఎవరూ రాలేదు. నేను వీధిలోకి వెళ్ళేసరికి టోబియాస్ తలొంచుకుని పోతున్నాడు.

"ఏమయ్యా, కాఫీ చల్లారిపోతోంది."

"ఆకలిగా లేదు అగాథా."

"అవును మరి, పౌరుషంతో కడుపు నిండిపోయిందా? నీ నెత్తిమీద కప్పు ఎవరిది? పొద్దున్నే గేటు దగ్గర టోపీ తీసేది ఎవరికి?"

"తీస్తాం. కానీ చచ్చేవాడికి మాటిచ్చి తప్పలేదుగా" అని వెళ్ళిపోయాడు.

వెధవలు. అందరూ దొర ఇళ్ళల్లోనే తలుపులేసుకుని కూర్చున్నారు.

లోపలికి వచ్చాను. వదిన ఒక్కో పళ్ళెంలో రొట్టెముక్క పెడుతోంది, అన్ని బల్లల మీదా.

"వస్తారంటావా?"

"రారు వదినా."

"అయితే నువ్వు కూర్చో."

నాకు ఆమె మీదా కోపమే. "చేతిలో చెయ్యేసి మాటిచ్చావే" అని నోటిదాకా వచ్చింది. పిల్లలు పొయ్యి పక్కన ఒకళ్ళమీద ఒకళ్ళు పడి నిద్రపోతున్నారు. మాట మింగేసి కూర్చున్నాను. నా పళ్ళెం ఖాళీ అవగానే పక్క పళ్ళెం నా ముందుకి జరిపింది. అదీ తిన్నాను. ఇంకోటి జరిపింది. తింటూనే ఉన్నాను.

"ఇల్లు వెచ్చగా ఉంది కదూ, అగాథా?" అంది వదిన.

"ఉంది వదినా" అన్నాను.